కాలేజీలో ల్యాబ్ ఉంది.. మరి మైదానం?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఇప్పుడు డాక్టర్లను తయారుచేసే ఊళ్లు. అక్కడ చేరే పిల్లలు పుస్తకాలతో పాటు ఆరోగ్యాన్ని కూడా కూడబెట్టుకోవాలంటే టైంటేబుల్‌లో ఆటకు ఒక గంట ఉండాలి. ఖర్చు తక్కువ, మేలు ఎక్కువ ఉన్న ఆటల్లో ఫుట్‌బాల్ ఒకటి. అది ఒంటికి ఏం చేస్తుంది? చదువుకు అడ్డా, ఆసరానా? ఏ జాగ్రత్తలు కావాలి?

ఇంటర్ రెండేళ్లు పొద్దున్నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా కుర్చీలోనే. సీటు రాకపోతే లాంగ్‌టర్మ్ కోచింగ్ పేరుతో ఇంకో ఏడాది, కొందరికి రెండేళ్లు. మెడికల్ కాలేజీలో అడుగుపెట్టేనాటికి మన పిల్లల్లో చాలామంది పదహారు నుంచి పంతొమ్మిదేళ్ల వయసును దాదాపు కూర్చునే గడిపేస్తున్నారు. ఒళ్లు ఎదగాల్సిన వయసది. ఇంజినీరింగ్, డిగ్రీ పిల్లల సంగతీ అంతే. ‘సీటు వచ్చాక ఆడుకోవచ్చులే’ అని మనమే చెబుతాం. సీటు వచ్చాక ఆడుకునే వీలుందో లేదో మాత్రం కనుక్కోం.

2016 అక్టోబరులో ఉమ్మడి వరంగల్ జిల్లా నుంచి ఈ మూడూ వేర్వేరు జిల్లాలయ్యాయి. మహబూబాబాద్‌లో 2022లో 150 సీట్లతో, జనగామ, భూపాలపల్లిల్లో 2023లో వందేసి సీట్లతో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. అంటే ఏటా 350 మంది. ఒకప్పుడు డాక్టరు చదువంటే వరంగలో, హైదరాబాదో వెళ్లాల్సిందే. ఇప్పుడు ఆ చదువే జిల్లాకు వచ్చింది. కొత్త కాలేజీల అలవాట్లు మొదటి కొన్నేళ్లలోనే స్థిరపడతాయి. ల్యాబ్, లైబ్రరీ, హాస్టల్ గురించి అందరూ అడుగుతారు. మైదానం గురించి అడగాల్సిన సమయం కూడా ఇదే.

సగం మందికి కదలికే లేదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క సులువైనదే. 17 ఏళ్లలోపు పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ కావాలి. 18 దాటినవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ, లేదంటే 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ కావాలి. మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మంది ఈ కనీస స్థాయిని అందుకోవడం లేదని 2022 నాటి లెక్కలు చెబుతున్నాయి. ఆడవాళ్లలోనైతే 57 శాతం మంది వెనకబడే ఉన్నారు.

షుగరు, బీపీ, గుండెజబ్బులు యాభైల్లో వచ్చే జబ్బులని అనుకునేవాళ్లం. ఇప్పుడు ముప్పైల్లోనే పలకరిస్తున్నాయి. వాటికి పునాది పడేది కాలేజీ రోజుల్లోనే. కదలిక తగ్గడం, నిద్ర తెగడం, రాత్రి పదకొండింటికి బయటి తిండి తినడం, ఇవన్నీ కలిసి నాలుగైదేళ్లలో అలవాటుగా గట్టిపడతాయి. ఆట అలవాటైతే అది కూడా అలాగే గట్టిపడుతుంది.

ఫుట్‌బాలే ఎందుకు?

మన వైపు కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ ఎక్కువ. అవేవీ తక్కువ ఆటలు కావు. అయితే క్రికెట్‌లో ఇద్దరు పరుగెడుతుంటే మిగతావాళ్లు చాలాసేపు నిలబడే ఉంటారు. ఫుట్‌బాల్‌లో నిలబడటానికి వీల్లేదు. నడక, జాగింగ్, ఒక్కసారిగా ఉరుకు, టక్కున ఆగడం, పక్కకు తిరగడం, ఎగరడం.. అన్నీ ఒకే ఆటలో కలిసి వస్తాయి. సరదాగా ఆడేవాళ్లలోనూ గుండె వేగం సగటున గరిష్ఠ స్థాయిలో 80 శాతం దగ్గర నడుస్తుంది. ఇరవై ఏళ్ల కుర్రాడిలో అది నిమిషానికి సుమారు 160 సార్లు. ట్రెడ్‌మిల్‌పై అంతసేపు అదే వేగంతో పరుగెత్తమంటే విసుగొస్తుంది. బంతి వెంటనైతే అలుపు అంతగా తెలియదు.

డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్ యూనివర్సిటీ పరిశోధకులు ఆటగాళ్లు కాని మామూలు మనుషులతో వారానికి రెండు, మూడు సార్లు గంటసేపు చిన్న జట్లుగా ఫుట్‌బాల్ ఆడించి చూశారు. మూడు, నాలుగు నెలల్లోనే వారి గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం పెరిగింది. బీపీ, ఒంట్లో కొవ్వు తగ్గాయి. ఎముకలు, కండరాలు గట్టిపడ్డాయి.

ఈ వయసులో ఎముకల సంగతి మరీ ముఖ్యం. ఎముకల బలంలో ఎక్కువ భాగం ఇరవై ఏళ్లలోపే సమకూరుతుంది. ముప్పై దగ్గరికొచ్చేసరికి అది గరిష్ఠానికి చేరి, ఆ తర్వాత మెల్లగా తరగడమే. ఉరకడం, ఎగరడం, ఆగడం లాంటి కదలికల్లో పడే బరువుకు ఎముక స్పందించి గట్టిపడుతుంది. ఈ వయసులో దాచుకున్నదే అరవైల్లో తుంటి ఎముక విరగకుండా కాపాడుతుంది.

ఇంకో లాభం మనసుకు. హాస్టల్‌కు కొత్తగా వచ్చిన పిల్లలకు మొదటి ఆరు నెలలు కష్టకాలం. ఇంటి బెంగ, ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాలు, తనకన్నా తెలివైనవాళ్ల మధ్య పడ్డామన్న దిగులు ఉంటాయి. జట్టులో చేరితే రోజూ సాయంత్రం పేరు పెట్టి పిలిచేవాళ్లుంటారు. రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవాళ్లుంటారు. క్రమం తప్పని వ్యాయామం ఆందోళన, కుంగుబాటు లక్షణాలను తగ్గిస్తుందని, నిద్రను మెరుగుపరుస్తుందని ఎన్నో అధ్యయనాలు తేల్చాయి. ఒంటరి వ్యాయామంలో దొరకని తోడు జట్టు ఆటలో అదనంగా దొరుకుతుంది.

మార్కులు తగ్గుతాయా?

తల్లిదండ్రుల అసలు భయం ఇదే. అమెరికాలోని వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2010లో శారీరక శ్రమకు, చదువుకు ఉన్న సంబంధంపై వచ్చిన 50 అధ్యయనాలను సమీక్షించింది. పరిశీలించిన అంశాల్లో దాదాపు సగం చోట్ల చదువుకు మేలే కనిపించింది. దాదాపు మిగతా సగంలో లాభం, నష్టం రెండూ లేవు. చదువు దెబ్బతిన్నట్టు తేలింది 1.5 శాతం చోట్లే. ఇవి బడి పిల్లలపై చేసిన అధ్యయనాలు. కాలేజీ పిల్లలందరికీ అచ్చం ఇలాగే వర్తిస్తాయని చెప్పలేం. ఫుట్‌బాల్ ఆడితే ర్యాంకు వస్తుందని కూడా ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ ఆటకిచ్చిన గంట చదువును తినేస్తుందన్న భయానికి మాత్రం ఆధారం కనపడదు.

ఆడుతూనే డాక్టరైన పెద్దమనిషి మన దేశంలోనే ఉన్నారు. నాగాలాండ్‌కు చెందిన తాలిమెరెన్ ఆవో తండ్రి కోరిక మేరకు కోల్‌కతాలో ఎంబీబీఎస్‌లో చేరారు. చదువుకుంటూనే మోహన్ బగాన్ క్లబ్బుకు ఆడారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో స్వతంత్ర భారత ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్ ఆయనే. జట్టులో చాలామంది బూట్లు లేకుండా ఆడిన మ్యాచ్ అది. 1950లో డాక్టరు పట్టా పుచ్చుకుని సొంత ప్రాంతానికి వెళ్లిపోయి, నాగాలాండ్ ఆరోగ్య సేవల డైరెక్టర్ స్థాయికి ఎదిగారు. ఆట, వైద్యం ఒకదాన్నొకటి తోసేసుకోలేదు.

ఫుట్‌బాల్ మనకు పరాయి ఆట కూడా కాదు. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం అందించిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. ఉస్మానియా యూనివర్సిటీలో చదివి, బడి పంతులుగా పనిచేసిన మనిషి. బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నాలన్న నియమంతో పిల్లలకు పోటీలు పెట్టేవారట. ఆటను ఒక పాఠంలా, క్రమపద్ధతిలో నేర్పవచ్చని చూపించారు. ఆ ఆట హైదరాబాద్ దాటి జిల్లాలకు పెద్దగా రాలేదు. ఇప్పుడు కాలేజీలు వచ్చాయి కాబట్టి ఆటను కూడా తెచ్చుకోవచ్చు.

సిలబస్‌లో చోటుంది

ఆట అంటే సిలబస్ బయటి వ్యవహారమని చాలామంది అనుకుంటారు. 2019లో ఎంబీబీఎస్‌కు వచ్చిన కొత్త పాఠ్యప్రణాళికలో మొదటి నెల ఫౌండేషన్ కోర్సుకు 175 గంటలు కేటాయిస్తే, అందులో 22 గంటలు ఆటలు, ఇతర కార్యక్రమాలకే. డిగ్రీ కోర్సులకు యూజీసీ 2022లో ఇచ్చిన ప్రణాళికలో ఆరోగ్యం, యోగా, క్రీడలు, ఫిట్‌నెస్ క్రెడిట్లు ఇచ్చే కోర్సుల్లో ఉన్నాయి. అంటే కాగితం మీద చోటు దొరికింది. కావాల్సింది వారంవారం అమలు. మొదటి నెలలో ఆడించి, తర్వాత నాలుగేళ్లు మర్చిపోతే ఒంటికి ఒరిగేదేమీ లేదు.

‘అంత స్థలం ఎక్కడుంది’ అనే ప్రశ్న వస్తుంది. పూర్తిస్థాయి మైదానానికి దాదాపు ఎకరం ముప్పై గుంటలు కావాలి. కానీ అయిదుగురేసి ఆడే చిన్న కోర్టు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉంటే చాలు. అది ఎనిమిది గుంటలే. ఆరోగ్యం కోసమైతే ఈ చిన్న ఆటే మేలు. జట్టులో తక్కువమంది ఉంటారు కాబట్టి ఒక్కొక్కరికీ బంతి ఎక్కువసార్లు దొరుకుతుంది, పరుగూ ఎక్కువే. ఒక బంతి, నాలుగు కోన్లు, రెండు రంగుల బనియన్లు ఉంటే ఆట మొదలుపెట్టొచ్చు.

అమ్మాయిల సంగతి?

సాయంత్రం గ్రౌండ్‌లో అబ్బాయిలుంటారని, ఎండకు నల్లబడతారని, దెబ్బ తగిలితే పెళ్లికి ఇబ్బందని అమ్మాయిలను ఆపేస్తుంటాం. నిజానికి ఆట అవసరం వాళ్లకే ఎక్కువ. కదలిక తక్కువున్నది వాళ్లలోనే. మెనోపాజ్ తర్వాత ఎముకలు గుల్లబారే ముప్పు ఎక్కువున్నదీ వాళ్లకే.

నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య భారత మహిళల ఫుట్‌బాల్ జట్టుకు ఆడింది. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకూ ఆడింది. మహబూబాబాద్ జిల్లాలోనూ తండాలు తక్కువేం కాదు. ప్రతి అమ్మాయీ సౌమ్య కానక్కర్లేదు. వారానికి మూడు రోజులు నిశ్చింతగా ఆడుకునే చోటు దొరికితే చాలు. అందుకు కాలేజీ చేయాల్సింది మూడే పనులు: అమ్మాయిలకంటూ ఒక సమయం, గ్రౌండ్ దగ్గర శుభ్రమైన టాయిలెట్, చీకటి పడితే లైట్లు.

ఒక జాగ్రత్త తప్పనిసరి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. నాలుగు అడుగులకే ఆయాసం, గుండెదడ, కళ్లు తిరగడం ఉంటే బద్ధకమని తిట్టకుండా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. 12 గ్రాముల కన్నా తక్కువుంటే డాక్టరు సలహాతో ఐరన్ మాత్రలు వాడుతూ, ఆటను మెల్లగా పెంచుకోవాలి. నెలసరి సమయంలో ఆడకూడదన్న నియమమేమీ లేదు. ఒళ్లు సహకరిస్తే ఆడొచ్చు, నొప్పిగా ఉంటే మానొచ్చు.

మైదానంలోకి దిగే ముందు

వారం ప్రణాళిక: వారానికి మూడు రోజులు, రోజుకు గంట. మొదటి 20 నిమిషాలు వార్మప్. తర్వాత 30 నిమిషాలు అయిదుగురేసి జట్లతో ఆట, మధ్యలో నీళ్ల విరామం. చివరి 10 నిమిషాలు నడక, సాగదీసే వ్యాయామాలు. మూడు రోజులకు ఆటే 90 నిమిషాలు అవుతుంది. వారానికి కావాల్సిన గట్టి శ్రమ దీంతోనే పూర్తయినట్టు. మొదటిసారి ఆడేవాళ్లు రెండు రోజులతో, 15 నిమిషాల ఆటతో మొదలుపెట్టి నెలలో పెంచుకోవాలి.

వార్మప్ ఎగ్గొట్టొద్దు: ఫుట్‌బాల్‌లో దెబ్బలు తక్కువేం కాదు. చీలమండ బెణకడం, తొడ కండరం పట్టేయడం, మోకాలి లిగమెంట్ తెగడం మామూలే. అమ్మాయిల్లో మోకాలి లిగమెంట్ గాయాల ముప్పు అబ్బాయిల కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. ఫిఫా రూపొందించిన ‘11 ప్లస్’ అనే 20 నిమిషాల వార్మప్‌లో నెమ్మదైన పరుగు, తొడలు, నడుము బలానికి వ్యాయామాలు, తూకం, ఎగిరి సరిగ్గా దిగడం వంటివి ఉంటాయి. వారానికి కనీసం రెండుసార్లు పద్ధతిగా చేసిన జట్లలో గాయాలు మూడో వంతుకు పైగా తగ్గాయి. పీడీ సార్ ఒక్కరు నేర్చుకుంటే కాలేజీ అంతా నేర్చుకున్నట్టే.

బూట్లు, ప్యాడ్లు: మన గట్టి నేలలకు పొడవాటి స్టడ్లున్న బూట్లు పనికిరావు. చిన్న రబ్బరు గుబ్బలున్న షూ మేలు. ముంగాలికి షిన్‌గార్డ్ ఉండాలి.

ఎండ, పిడుగు: వేసవిలో ఉదయం ఎనిమిదిలోపు, సాయంత్రం అయిదు తర్వాతే ఆట. తలనొప్పి, వాంతి, మాట తడబడటం, అయోమయం కనిపిస్తే వడదెబ్బగా భావించి నీడకు చేర్చి, ఒంటిని తడిపి చల్లబరుస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఉరుము వినపడితే ఆట ఆపేసి భవనంలోకి వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. చెట్టు కిందికి వెళ్లొద్దు.

తిండి, నీళ్లు: ఆటకు గంట, గంటన్నర ముందు అరటిపండో, కొద్దిగా ఉప్మానో చాలు. ఆట అయ్యాక మజ్జిగ, గుడ్డు, పల్లిపట్టి, ఉడికించిన శనగలు మంచివి. ఖరీదైన ప్రొటీన్ డబ్బాలు, ఎనర్జీ డ్రింకులు అక్కర్లేదు.

వీళ్లు డాక్టరును అడిగాకే

- పరుగెత్తుతుంటే ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, విపరీతమైన గుండెదడ ఎప్పుడైనా వచ్చినవారు.
- ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా గుండె ఆగి చనిపోయి ఉంటే. వీరికి డాక్టరు ఈసీజీ, అవసరమైతే ఎకో పరీక్ష చేయిస్తారు.
- ఆస్తమా ఉన్నవారు. ఆడకూడదని కాదు. ఇన్‌హేలర్ గ్రౌండ్ పక్కనే ఉండాలి.
- సికిల్‌సెల్ జబ్బు ఉన్నవారు. గిరిజన జనాభా ఎక్కువున్న ప్రాంతాల్లో ఈ పరీక్ష చేయించుకోవడం మంచిది. 2023 జులైలో మొదలైన జాతీయ కార్యక్రమంలో తెలంగాణ కూడా ఉంది. జబ్బు లేకుండా దాని వాహకులుగా మాత్రమే ఉన్నవారు ఆడొచ్చు. అయితే నీళ్లు బాగా తాగాలి. మండే ఎండలో ఆగకుండా ఉరకకూడదు. శ్రమను మెల్లమెల్లగా పెంచాలి.

దెబ్బ తగిలితే..

కాలు బెణికితే వెంటనే ఆట ఆపాలి. గుడ్డలో చుట్టిన ఐస్‌ను 15 నిమిషాలు పెట్టి, ఎలాస్టిక్ కట్టు కట్టి, కాలు ఎత్తులో ఉంచాలి. కొత్త దెబ్బను మర్దన చేయొద్దు. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే నాటు కట్టు కోసం తిరగకుండా ఎక్స్‌రే తీయించాలి.

తలకు దెబ్బ తగిలి తికమకగా ఉన్నా, తల తిరుగుతున్నా ఆ రోజుకు ఆట ముగిసినట్టే. ‘బానే ఉన్నా సార్’ అన్నా పంపొద్దు. వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మగత ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఎవరూ ఢీకొట్టకుండానే ఆటగాడు కుప్పకూలితే గుండె ఆగిందేమోనని అనుమానించాలి. 2021 జూన్‌లో యూరో కప్ మ్యాచ్‌లో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్‌సన్ అలాగే పడిపోయాడు. మైదానంలోనే వెంటనే సీపీఆర్ చేసి, ఏఈడీ యంత్రంతో షాక్ ఇవ్వడం వల్ల బతికాడు. తర్వాత మళ్లీ ఆడాడు కూడా. స్పందన లేకుండా, ఊపిరి సరిగా తీసుకోకుండా ఉంటే 108కి ఫోన్ చేయించి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100-120 సార్లు, అయిదు సెంటీమీటర్ల లోతుకు తగ్గకుండా నొక్కుతూ ఉండాలి. డాక్టర్లు కాబోయే పిల్లలకు దీన్ని నేర్చుకోవడానికి తరగతి గదితో పాటు మైదానం కూడా సరైన చోటే.

మీరు అడగాల్సిన ప్రశ్నలు

పిల్లల్ని కాలేజీలో దింపడానికి వెళ్లినప్పుడు ఫీజు, మెస్, ఫ్యాకల్టీ గురించి అడుగుతాం. వాటితో పాటు ఈ అయిదూ అడగండి. టైంటేబుల్‌లో ఆటల సమయం ఉందా? ఆ సమయంలో స్పెషల్ క్లాసులు పెడతారా? పీడీ ఉన్నారా? అమ్మాయిలకు వేరే సమయం ఉందా? గ్రౌండ్ దగ్గర ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఉందా? తల్లిదండ్రుల్లో పదిమంది అడిగితే కాలేజీ వాళ్లు ఆలోచిస్తారు. వందమంది అడిగితే గ్రౌండ్ చదును చేయిస్తారు.

ఇంటి నుంచి ఫోన్ చేసినప్పుడు కూడా ‘చదువుతున్నావా, తిన్నావా’ అన్న రెండు మాటలకు ‘ఆడావా’ అని మూడోది కలపండి. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఇంకో ఏడాది. ఆ తర్వాత నైట్ డ్యూటీలు, గంటల తరబడి ఆపరేషన్ థియేటర్‌లో నిలబడటం ఉంటాయి. రేపు వేల మందికి ‘రోజూ వ్యాయామం చేయండి’ అని చీటీ రాయాల్సింది వాళ్లే. ఆ మాట వాళ్ల ఒంటికి ముందే అనుభవమై ఉంటే, రోగికి చెప్పేటప్పుడు దానికి బలం ఉంటుంది.